వానలు పడకముందే బచ్చలి కుండీ అడుగు చూడండి

మృగశిర కార్తె ఇంకో వారం ఉందనగా మేడ మీద నేను పెట్టుకునే మొదటి పని, బచ్చలి కుండీలను ఒక్కొక్కటిగా పక్కకు వంచి అడుగు చూడటం. బచ్చలికి తడి ఎంత ఇష్టమో, నిలవ నీరు అంత చేటు. నిరుడు మూడు రోజులు ముసురు పట్టాక ఒక తీగ తల వాల్చేసింది. నీళ్లు చాల్లేదేమోనని ఇంకో చెంబు పోశాను. రెండు రోజులకు పీకి చూస్తే వేళ్లు నల్లబడి, పట్టుకోగానే పైతోలు ఊడి చేతికొచ్చింది. కుండీ కింది కన్నాన్ని పాత వేళ్లూ మట్టీ కలిసి బిరడాలా మూసేశాయి.

అందుకే ఇప్పుడే ఒక ఇనుప చువ్వతో కన్నాలు పొడిచి, కుండీలను రెండేసి ఇటుకల మీదికి ఎక్కించండి. కింద పెట్టిన ప్లేట్లు తీసేయండి. కొబ్బరిపొట్టు నీటిని పట్టి ఉంచుతుంది, కాబట్టి వానాకాలం మట్టిలో దాన్ని బాగా తగ్గించి కాస్త ఇసుక కలపండి. పెరట్లో అయితే జానెడు ఎత్తు మడి కట్టాలి. పాత మొక్క పీకినప్పుడు వేళ్ల మీద బుడిపెలు కనిపిస్తే అవి నులిపురుగులవి, అంటే మట్టిలో ఉండి వేళ్లను పట్టే కంటికి కనబడనంత సన్నటి పురుగులవి. ఆ మట్టిలో మళ్లీ బచ్చలి గానీ, వంగ, టమాటా, బెండ గానీ వేయొద్దు.

తడిసిన తీగ చాలా బరువు. పందిరి కర్రలు ఊపి చూసి, వదులుగా ఉంటే గట్టిగా కట్టండి. కరెంటు వైరు దగ్గరికి మాత్రం తీగను పోనివ్వకండి. ప్లాస్టిక్ దారం లేత కాడను కోసేస్తుంది, పాత నూలు చీర పేలికలు మేలు.

ఇక ఆకు మీద చిల్లులు. అందరూ పొరపడేది ఇక్కడే. చిల్లు కనిపించగానే పురుగనుకుని మందు కొట్టేస్తారు. ఆకును వెలుతురుకు ఎత్తి చూడండి. గుండ్రటి చిన్న మచ్చ, చుట్టూ ఎర్రటి అంచు, మధ్యలో బూడిద తెలుపు ఉంటే అది శిలీంధ్రం వల్ల వచ్చే ఆకుమచ్చ తెగులు. ఆ మధ్య భాగం ఎండి రాలిపోతేనే చిల్లు పడుతుంది. పురుగు మందు దానికి పనిచేయదు, పైగా ఆ విషం మనం తినే ఆకు మీదే ఉంటుంది. మచ్చ ఆకులు తుంచి దూరంగా పారేయండి, తీగలు పలచన చేసి గాలి ఆడనివ్వండి, నీళ్లు మొదట్లోనే పోయండి. అంచుల నుంచి అడ్డదిడ్డంగా కొరికేసి ఉంటే పురుగో నత్తో అయి ఉంటుంది. రాత్రి టార్చి వేసుకుని ఏరేయడమే మంచి మార్గం. నత్తల్ని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, మొక్క మొదట్లో ఉప్పు చల్లొద్దు.

ఎంత చూసుకున్నా ఒకటో రెండో పోతాయి. అందుకని మూడు నాలుగు కణుపులున్న జానెడు కాడలు ఇప్పుడే కోసి, వాన నేరుగా పడని వసారాలో చిన్న కుండీలో గుచ్చి ఉంచండి. తేలిగ్గా వేరు పోసుకుంటాయి.

వానాకాలం ఆకుకు కింది వైపు మట్టి చింది ఉంటుంది, రెండు మూడు నీళ్లలో కడగండి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు ఇంట్లో ఉంటే, ఇందులో ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి డాక్టర్‌ను అడిగాకే పెట్టండి. కోసిన ఆకును తడిగా కవర్లో కట్టి ఫ్రిజ్‌లో పెట్టొద్దు, జిగురు జిగురుగా కుళ్లిపోతుంది. నీడన ఆరబెట్టి పలచటి గుడ్డలో చుట్టి పెడితే, రేపటి కందా బచ్చలి కూరకు నిక్షేపంగా ఉంటుంది.