నడుం వాల్చిన ఆడమనిషి బొమ్మను ఎలా చదవాలి?

ఫోన్‌లో చూడొద్దు. హనుమకొండలో ఏ ఫొటో స్టూడియోకు పోయినా పెద్ద ప్రింటు తీసిస్తారు. నోటుబుక్కు, పెన్సిలు చాలు.

నేనైతే అమృతా షేర్‌గిల్ 1940లో వేసిన తైలవర్ణ చిత్రంతోనే మొదలుపెడతాను. అసలుది ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఉంది. మంచం మీద ఎర్ర బట్టల్లో ఒకామె పడుకుంది, పక్కన విసనకర్రతో ఇంకొకామె కూర్చుంది. మనుషులెందరు, రంగులేవి, వస్తువులేవి? రాసుకోండి. ఐదు నిమిషాల పని.

చిక్కంతా దీని తర్వాతే. ఈ బొమ్మ చూపిస్తే చాలు, మా చుట్టాలంతా ఒకటే మాట: "పాపం, పెనిమిటి యాదికొచ్చినట్టుంది." ఆడమనిషి పగటిపూట పడుకుంటే మనకు కారణం చెప్పాలి: జ్వరమో, విరహమో, సోమరితనమో. నడుం నొస్తుందేమో అని ఒక్కరూ అనరు. ఆ కథ మనం ఇంటి నుంచి మోసుకొచ్చుకున్నది.

అందుకే 'దిగులు', 'ఆశ' లాంటి మాటలు రాసేముందు ఒంటి బరువు ఎక్కడ పడుతోందో చూడండి. మెడ వాలిందా, ఎత్తి పెట్టిందా? వేళ్లు వదులుగా ఉన్నాయా, బిగిశాయా? అంతుపట్టకపోతే అదే తీరులో మీరూ పడుకోండి. నులక మంచమే కావాలి. వదులు నులకలో నడుం కిందికి దిగుతుంది, పరుపు మీద ఆ సంగతి తెలియదు. మా ఆయన అమ్మేద్దామన్నా మంచాన్ని అందుకే ఉంచాను. రెండు నిమిషాల్లో భుజం లాగిందంటే, అది నిద్ర తీరు కాదు. ఆమె మేలుకునే ఉందేమో, లేదా బొమ్మ కోసమే అలా పడుకుందేమో.

ఎరుపంటే కోరిక అని చెప్పే రంగుల నిఘంటువులను పక్కన పెట్టండి. కథలు చెప్పడానికి గుడ్డ మీద వేసే మన చేర్యాల నకాశీ పటాల్లో వెనకంతా ఎరుపే. పెండ్లయినా యుద్ధమైనా దాని మీదే. ఒక రంగు బొమ్మలో ఇంకెక్కడ తిరిగి వచ్చిందో వెతకాలి. ఇక్కడ బట్టల ఎరుపు మంచం కోళ్లలోనూ ఉంది. పడుకున్న మనిషి చుట్టూ ఇంత వేడి రంగేమిటని అడగండి. విసనకర్ర పట్టినామెను మాత్రం మర్చిపోవద్దు. నడుం వాల్చే వీలు ఆమెకు లేదు.

బొమ్మ పేరు ఆఖరికి చదవండి. తర్వాత మీరు రాసినదాంట్లో, బొమ్మ మీద వేలు పెట్టి చూపించలేని ప్రతి వాక్యాన్నీ కొట్టేయండి. మొదటిసారి నా పేజీలో రెండు మిగిలాయి.