పాత క్యాంపర్ ట్రైలర్‌ను తక్కువ ఖర్చులో బాగుచేసుకోవడం ఎలా?

అమెరికాలో పల్లె దారుల్లో వెళ్తుంటే ఎవరి పెరట్లోనో గడ్డి మధ్య చిన్న గుండ్రటి క్యాంపర్ ట్రైలర్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల గది, కనిపిస్తుంటుంది. పక్క నుంచి చూస్తే మాంసం డబ్బాలా ఉంటుందని వీటికి ‘క్యాన్డ్ హామ్’ అని పేరు. 1950, 60ల్లో ఇవి చాలా తయారయ్యాయి. వెనక రెండు రెక్కలున్న షాస్టా కంపెనీ ట్రైలర్లంటే నాకు ప్రాణం. ఇలాంటిది కొనాలని మనసు పడితే మొదట గుర్తుంచుకోవాల్సింది ఒకటే: దీన్ని పాడుచేసేది వయసు కాదు, వాన నీళ్లు. కురిసే చోటు మూసేదాకా రంగులు, పరదాలు, పరుపుల మీద ఒక్క డాలరు కూడా పెట్టకండి.

కొనేముందు

ఒక స్క్రూడ్రైవర్, టార్చి వెంట తీసుకెళ్లండి. లోపలి మూలల్లో, కిటికీల కింద, మంచం అడుగున చెక్కను పొడిచి చూడండి. మెత్తగా దిగిపోతే అక్కడ కుళ్లిందన్నమాట. కొత్తగా రంగు కొట్టి అమ్మకానికి పెట్టినవాటిని ఇంకా గట్టిగా పొడవాలి. పైన పటారం, లోన లొటారం అయ్యే అవకాశం వాటిలోనే ఎక్కువ.

కొంచెం కుళ్లినా భయపడొద్దు. చెక్క చవక, ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతుంది. దొరకనివి పాత కిటికీలు, తలుపు గొళ్లాలు, అంచు పట్టీలు, పొయ్యి, ఐస్‌పెట్టె. అందుకే చెక్క బాగుండి సామాన్లు పోయిన ట్రైలర్ కన్నా, చెక్క కుళ్లినా సామాన్లన్నీ ఉన్నదే నేను కొంటాను. కింది ఇనుప చట్రం మాత్రం తుప్పు తిని చిల్లులు పడి ఉండకూడదు. యాజమాన్య పత్రం, చట్రం మీది నంబరు సరిపోలాయో లేదో చూడండి. పత్రం లేకపోతే ఏం చేయాలో మీ రాష్ట్ర రవాణా కార్యాలయంలో ముందే అడగండి. నియమాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి.

ఇంటికి తెచ్చేముందు

టైరు పక్క గోడ మీద ఉండే కోడ్‌లో చివరి 4 అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడి లోతుగా ఉన్నా, ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న టైర్లను నమ్మి హైవే ఎక్కకండి. చక్రాల బేరింగులు విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టండి. దీపాలు మసగ్గా వెలుగుతుంటే ముందు తెల్ల వైరును, అంటే గ్రౌండ్‌ను చూడండి. అది చట్రానికి తగిలే చోట తుప్పు గీకేస్తే చాలాసార్లు సమస్య తీరిపోతుంది. ట్రైలర్ దీపాలను కారుకు కలిపే 4 పిన్నుల ప్లగ్గులో గోధుమ రంగు వైరు వెనక దీపాలకు, పసుపు ఎడమ వైపు మలుపు, బ్రేకు దీపానికి, ఆకుపచ్చ కుడి వైపు దానికి.

విప్పడం

విప్పేముందు ప్రతి మూలనూ ఫొటో తీసి, కొలతలు రాసుకోండి. మూలల్లో అల్యూమినియం పట్టీ ఉంటుంది, దాని గాడిలోని ప్లాస్టిక్ రిబ్బను లాగితే స్క్రూలు బయటపడతాయి. బయటి అల్యూమినియం రేకు చాలా పలచన. ఒకసారి మడత పడితే మళ్లీ సాఫు కాదు, కాబట్టి ఇద్దరు మనుషులు పట్టుకుని తీయాలి. రెండు పక్కలా ఒకేసారి విప్పకండి. ట్రైలర్‌ను ఆకారంలో నిలిపేది ఆ రేకు, లోపలి ప్లైవుడ్డే. ఒక పక్క పూర్తిచేసి రెండో పక్కకు వెళ్లండి, లోపల ఏటవాలుగా కర్రలు బిగించి ఉంచండి.

కుళ్లిన ముక్కను పారేయొద్దు. ఎంత చివికినా కొత్త చెక్క మీద పెట్టి గీసుకోవడానికి అదే నమూనా. పైన్ లేదా ఫర్ చెక్క సరిపోతుంది. చెద పట్టదు కదా అని మందు పట్టించిన చెక్క వాడకండి. అందులోని రాగి, తేమ తగిలితే అల్యూమినియం రేకును తినేస్తుంది. 1978కి ముందు రంగుల్లో సీసం ఉండొచ్చు. పరీక్ష కిట్‌తో చూసుకోకుండా పాత రంగు మీద ఉప్పు కాగితం రుద్దకండి.

నీళ్లు ఆపడం

అసలు పని ఇదే, ఓపికంతా ఇక్కడే పెట్టండి. కిటికీలు, మూల పట్టీలు, కప్పు మీది గాలి గూడు అన్నీ తీసి, పాత జిగురును లప్పం పట్టీతో పూర్తిగా గీకేయాలి. కొత్త బ్యూటైల్ టేపు (మెత్తగా సాగే జిగురు పట్టీ) అతికించి స్క్రూలు బిగించండి. అది నెమ్మదిగా నొక్కుకుంటూ బయటికి వస్తుంది కాబట్టి మర్నాడు మళ్లీ బిగించి, అంచుల్లో పొంగినది కోసేయండి. త్వరగా అవుతుందని సిలికాన్ పూస్తే, తర్వాత దాని మీద రంగు గానీ ఇంకో జిగురు గానీ అతుక్కోదు.

తర్వాత ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి, మరొకరు బయట పైపుతో నీళ్లు పట్టాలి. కింది నుంచి మొదలుపెట్టి ఒక్కో భాగం మీద కాసేపు ఆగుతూ పైకి వెళ్లండి. పై నుంచి మొదలుపెడితే నీళ్లు ఎక్కడ దూరుతున్నాయో తెలియదు. చుక్క రాలేదని తేలాకే లోపలి గోడలు మూయండి.

లోపల

గోడలకు ఫోమ్ బోర్డు, దానిమీద 1/8 అంగుళం బర్చ్ ప్లైవుడ్ వేస్తే వంపులకు చక్కగా ఒదుగుతుంది. పాత తేనె రంగు రావాలంటే షెల్లాక్ పూయండి. అది మన లక్కే. ఏటికొప్పాక బొమ్మలకు ఆ నిగనిగలు తెచ్చే లక్కను స్పిరిట్‌లో కరిగిస్తే మన వడ్రంగుల ఫ్రెంచ్ పాలిష్ అవుతుంది. పలచగా 3 పూతలు వేయండి, ఒక్కోటీ త్వరగానే ఆరుతుంది. నీళ్లు నిలిస్తే తెల్ల మచ్చ పడుతుంది కాబట్టి సింకు దగ్గర మాత్రం వార్నిష్ వాడండి.

గ్యాసు గొట్టాల్లో మాత్రం పొదుపు చూడకండి. అనుభవమున్న టెక్నీషియన్‌తోనే పరీక్ష చేయించండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం, గ్యాసు అలారం రెండూ పెట్టకుండా ఒక్క రాత్రి కూడా లోపల పడుకోవద్దు.

సామాన్లు సర్దేటప్పుడు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (కారుకు ట్రైలర్ తగిలించే చోటు) మీద పడేలా చూడండి. వెనక బరువెక్కితే ట్రైలర్ రోడ్డు మీద ఊగిపోతుంది. మొదటి ప్రయాణం దగ్గర్లోనే పెట్టుకుని, 50 మైళ్లు వెళ్లాక ఆగి చక్రాల నట్లు మరోసారి బిగించండి.