బండలకు వైద్యం, 3వ పాఠం: కడప బండ మీద తెల్ల మచ్చ

కిందటి పాఠంలో కనపడని మూలన నిమ్మరసం చుక్క వేసి చూడమన్నాను కదా. నురగ వచ్చిందంటే మీది సున్నపురాయి జాతి. కడప, తాండూరు, బేతంచెర్ల, షాబాదు బండలన్నీ ఆ కోవలోవే. పాలరాయీ వీటికి చుట్టమే. గ్రానైట్ అయితే ఉలకదు, పలకదు. ఆ ఇళ్లవాళ్లకు ఈ వారం సెలవు.

ఈ రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలితే అది కరుగుతుంది. ఆ నురగ బొగ్గుపులుసు వాయువే. వంటగట్టు మీద చింతపండు పులుసు ఒలికినా, నేల మీద బాత్రూం ఆసిడ్ పడినా జరిగేది ఒకటే.

ముందు మచ్చ ఏ రకమో తేల్చుకోండి. తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. చుట్టుపక్కల కంటే ముదురుగా ఉంటే నూనె దిగిందన్నమాట. వంటసోడాను ఇడ్లీ పిండిలా కలిపి మందంగా పరిచి, పైన ప్లాస్టిక్ కప్పి ఒక రోజు ఉంచండి. తర్వాత కప్పు తీసి ఎండనివ్వండి. ఎండుతూ నూనెను పైకి లాగుతుంది. రెండు మూడు సార్లు చేయాల్సి రావచ్చు.

మచ్చ పాలిపోయి, వేలికి గరుకుగా తగిలితే రాయిని పులుపు తినేసింది. ఎంత తోమినా పోదు, అరగదీయాల్సిందే. పెయింటర్లు వాడే వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) 400, 800, 1500 నంబర్లవి తెచ్చుకోండి, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. చెక్క ముక్కకు చుట్టి, నీళ్లు చల్లుతూ రుద్దండి. మచ్చ ఒక్కదాన్నే రుద్దితే గుంట పడుతుంది, చుట్టూ జానెడు మేర కలుపుకోండి. 400తో నిలువుగా రుద్దితే 800తో అడ్డంగా రుద్దండి, పాత గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. నంబరు మారినప్పుడల్లా బండ కడగాలి. ముందు కాగితం రేణువు ఒక్కటి మిగిలినా మళ్లీ గీత పడుతుంది.

మొదటిసారి నేను 800 ఎందుకులే అని 400 నుంచి నేరుగా 1500కి దూకాను. తడి మీద అద్దంలా ఉంది. ఆరాక గీతలన్నీ బయటపడ్డాయి! తడిసిన రాయిని నమ్మకండి. చేత్తో చేస్తే మెత్తటి నిగారింపు వస్తుంది, అద్దం మెరుపు కావాలంటే మెషిన్ పాలిష్ పెట్టించాలి. కొబ్బరినూనె రాసే అలవాటు మాత్రం నాకు నచ్చదు. నాలుగు రోజులు నల్లగా ఉండి, ఆ తర్వాత దుమ్మంతా పట్టేస్తుంది.

ఈ వారం అభ్యాసానికి నున్నటి కడప బండ ముక్క ఒకటి సంపాదించండి. నిమ్మచెక్క పది నిమిషాలు బోర్లించి, మీరే మచ్చ చేసి, మీరే తీయండి. గట్టు జోలికి ఆ తర్వాతే. వచ్చే పాఠంలో బండల మధ్య సందుల సంగతి చూద్దాం.