మాటలు రాని పిల్లాడితో ఇంట్లో ఏం చేయాలి: మేం చేసిన పద్ధతి

మా వాడు ఏడాదిన్నర నిండినా దేన్నీ వేలితో చూపించేవాడు కాదు. ఏదైనా కావాలంటే నా చేయి పట్టుకుని లాక్కెళ్లి, దాన్ని ఆ వస్తువు మీద పెట్టేవాడు. ఎంత తెలివో అని మురిసిపోయాను కూడా. అది చూపించడం కాదు, నా చేతిని పనిముట్టులా వాడుకోవడం అని తర్వాత స్పీచ్ థెరపిస్టు చెబితే తెలిసింది. అంతకుముందు చూసిన డాక్టరుగారు "మగపిల్లలకి మాటలు లేటే, మూడేళ్లు రానివ్వండి" అన్నారు. ఆ మాట పట్టుకుని ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాం. కాబట్టి అనుమానం వస్తే ఆగకండి. సమస్యకి పేరు తేలాకే థెరపీ మొదలుపెట్టాలన్న రూలేం లేదు.

ఏడాది నిండినా 'బబబ', 'దదద' లాంటి శబ్దాలు లేకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, 18 నెలలకి నడక రాకపోయినా, రెండేళ్లకి 'అమ్మా దా' అన్నట్టు రెండు మాటలు కలపకపోయినా చూపించండి. ఏడాదిలోపే ఎప్పుడూ ఒకే చేయి వాడుతుంటే ఎడమచేతి వాటమో, కుడిచేతి వాటమో అనుకుని వదిలేయొద్దు, రెండో చేతిలో బలం తక్కువేమో చూడాలి. వచ్చిన మాటలు పోతుంటే మాత్రం ఏ వయసులోనైనా వెంటనే వెళ్లాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి రెండేళ్ల వరకు వయసుని అసలు పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టాలి.

మొదటి పని చెవుల పరీక్ష. "తలుపు చప్పుడుకి తిరుగుతాడండీ" అని నేను వాదించాను. పెద్ద చప్పుళ్లు వినిపించే పిల్లలకి కూడా 'స', 'ఫ' లాంటి సన్నని శబ్దాలు అందకపోవచ్చు. పిల్లాడు నిద్రపోతుండగా తలకి చిన్న తీగలు అంటించి, చెవిలో వేసిన శబ్దానికి మెదడు స్పందిస్తోందా అని చూసే బెరా పరీక్ష చేస్తారు. మా వాడిని ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, తెల్లవారుజామునే లేపి తీసుకెళ్లాను. అక్కడ వాడికంటే ముందు నాకు నిద్రొచ్చింది. వెళ్లేముందు ఇంట్లో రెండేసి నిమిషాల వీడియోలు తీసుకోండి: ఒంటరిగా ఆడుకుంటున్నప్పుడు, పేరు పెట్టి పిలిచినప్పుడు, ఏదైనా కావాలన్నప్పుడు. డాక్టరు గదిలోకి వెళ్లగానే పిల్లలు వేరే పిల్లలైపోతారు.

మాకు వారానికి రెండు స్పీచ్ థెరపీ సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు. వారంలో ఉన్న 168 గంటల్లో థెరపిస్టుకి దక్కేది గంటన్నర. మిగతాదంతా నాదేనని టెన్షన్ పడి ఇంటిని బడి చేసేశాను. బల్ల, కుర్చీ, బొమ్మల కార్డులు. నాలుగో రోజుకి బల్ల కనిపిస్తేనే మంచం కింద దూరేవాడు. థెరపిస్టు కార్డులు తీసి లోపల పెట్టించి, "చొక్కా తొడిగేటప్పుడు మీరేం మాట్లాడతారో వీడియో తీసి చూపించండి" అన్నారు. చూస్తే, రెండు నిమిషాల్లో పదకొండు ప్రశ్నలు వేశాను. ఇదేంటి? ఏం రంగు? చేయి ఏదీ? ఒక్కదానికీ జవాబు వచ్చేంత సేపు ఆగలేదు.

అప్పటి నుంచి చేసింది ఇది. వాడి కళ్లకి ఎదురుగా నేల మీద కూర్చోవడం. ప్రశ్నలు తగ్గించి, వాడు చూస్తున్నదాని పేరే చెప్పడం. వాడు ఒక మాట అంటే దానికి ఇంకొకటే కలపడం: 'బంతి' అంటే 'పెద్ద బంతి', అంతే. తర్వాత నోరు మూసుకుని మనసులో పది లెక్కపెట్టడం. ఈ చివరిదే కష్టం. సబ్బు బుడగల సీసా మూత గట్టిగా బిగించి చేతికిచ్చేదాన్ని. తిప్పేవాడు, రాదు. అప్పుడు నా వైపు చూస్తే చాలు, అది అడగడమే, వెంటనే తీసి ఊదేదాన్ని. 'చెప్పు, చెబితేనే ఇస్తా' అని బేరం పెట్టొద్దు. ఏడుపు మొదలైందంటే మనం ఎక్కువసేపు ఆగామని అర్థం.

బట్టల పనిని చివరి నుంచి నేర్పాలి. ప్యాంటు మొత్తం నేనే తొడిగి, నడుము దగ్గర ఆఖరి లాగుడు వాడికి వదిలాను. అది వచ్చాక మోకాళ్ల నుంచి, తర్వాత మడమల నుంచి. ఇలా చేస్తే ప్రతిసారీ పని పూర్తి చేసేది పిల్లాడే అవుతాడు. మొదటి నుంచి నేర్పితే మాత్రం సగంలో విసుగొచ్చి పారిపోతాడు.

లక్ష్యాన్ని కొలవగలిగేలా పుస్తకంలో రాసుకోండి. 'మాట్లాడాలి' అని కాదు, 'ఐదుసార్లు బుడగలు ఊదితే మూడుసార్లయినా నా వైపు చూడాలి' అని. మూడు నెలలకోసారి థెరపిస్టుతో కూర్చుని అది చూడండి. తల్లిదండ్రుల్ని గది బయటే కూర్చోబెట్టి ఏం చేశారో చెప్పని చోటు మార్చేయడమే మంచిదని నా అభిప్రాయం. రెండు భాషలు మాట్లాడితే పిల్లాడు అయోమయపడతాడని ఇంటి భాష మానేయమనేవాళ్లుంటారు. అక్కర్లేదు. సైగలతోనో, బొమ్మ చూపించో అడగడం అలవాటైతే మాటలు రావన్నదీ అపోహే. కొందరు పిల్లల్లో మాటలు ఆలస్యమవడానికి ఆటిజం (నలుగురితో కలవడం, మాట్లాడటం కష్టమయ్యే ఎదుగుదల తేడా) కారణం కావచ్చు; ఒంట్లో లోహాలు తీసేసి దాన్ని తగ్గిస్తామనే కీలేషన్ జోలికి మాత్రం వెళ్లొద్దు. అది పనిచేస్తుందన్న ఆధారం లేదు, ప్రాణం మీదికి రావచ్చు.

ఇప్పుడు మా పుస్తకంలో ఉన్నది బూట్ల పట్టీలు అంటించుకోవడం. ఎడమది పూర్తిగా వాడే అంటిస్తున్నాడు. కుడిది సగం దాకా నేను తెచ్చి, పది లెక్కపెడుతున్నాను.