మడత షూటింగ్ బల్ల: గుంపు చెదిరితే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

ఒకే గురికి పేల్చిన పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్లు) ఒకచోట గుంపుగా పడకుండా చెదిరితే, తప్పు బల్లదో మరోదో ముందు తేల్చుకోవాలి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. రైఫిల్‌ను ఆనించే ముందు ఇసుక సంచికీ వెనక సంచికీ మధ్య అరమీటరు ఉందనుకుంటే, ముందు సంచి కింద బల్ల 0.1 మి.మీ. జరిగినా టార్గెట్ మీద 2 మి.మీ. తేడా వస్తుంది. అంత ఊపు కంటికి ఆనదు. కాబట్టి ఏదైనా కొనేముందు, కోసేముందు ఈ పరీక్ష చేయండి. రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని సంచుల మీద పెట్టి వదిలేయండి. దాన్ని ముట్టుకోకుండా స్కోప్‌లోంచి చూస్తూ బల్ల మూలను వేలితో తట్టండి. స్కోప్‌లోని అడ్డం-నిలువు గీతల గుర్తు (క్రాస్‌హెయిర్) ఎలా కదిలిందో చూసి కింద తప్పు వెతకండి.

క్రాస్‌హెయిర్ చాలాసేపు ఊగుతోంది

కాళ్ల బిగువు చాలదు. వెల్డింగ్ షాపుల్లో మామూలుగా 38 మి.మీ. చదరపు ట్యూబు (2 మి.మీ. మందం) ముక్కను సాకెట్‌గా అతికి, అందులో 32 మి.మీ. ట్యూబును కాలుగా దూరుస్తారు. లోపల 2 మి.మీ. వదులు మిగులుతుంది. ఒక్క బోల్టుతో బిగిస్తే కాలు ఒకవైపే ఆనుతుంది, రెండోవైపు ఊపు అలాగే ఉంటుంది. సాకెట్ పక్కపక్క ముఖాలకు 8 మి.మీ. నట్లు ఒక్కొక్కటి వెల్డ్ చేయించండి. రెండు బోల్టులూ కాలిని ఎదుటి మూలలోకి నెడతాయి, కదలడానికి చోటుండదు. సాకెట్ పొడవు 12 సెం.మీ.కి తగ్గొద్దు. దాని ప్లేటును చెక్క స్క్రూలతో కాక, బల్లను దాటి వచ్చే 8 మి.మీ. బోల్టులతో, పెద్ద వాషర్లు వేసి బిగించాలి. స్క్రూలయితే నాలుగుసార్లు విప్పి బిగించేసరికి పట్టు వదిలేస్తాయి.

ఊపు ఆగింది, కానీ క్రాస్‌హెయిర్ మొదటి చోటికి రాలేదు

నేలో, సంచో జరిగింది. ఉద్దానం ఇసుక నేలలో సన్నకాలు దిగిపోతూనే ఉంటుంది. విజయనగరం వైపు ఎర్రనేల ఎండలో బాగానే ఆపుతుంది, తొలకరి పడ్డాక నమ్మలేం. ప్రతి కాలి కిందా 15 సెం.మీ. చదరపు ప్లైవుడ్ ముక్క వేసి, గురి పెట్టకముందే బల్లమీద గట్టిగా వాలి దిగనివ్వండి.

నాలుగు కాళ్ల బల్ల అయితే ఎగుడుదిగుడు నేలలో ఒక కాలు గాల్లో ఉండటం ఖాయం. మూడు కాళ్లే మేలు: మోచేతులు ఆనే రెండు మూలల కిందా ఒక్కొక్కటి, ముందు సంచి కింద ఒకటి. దీన్ని తిరగేసి ముందు రెండు, వెనక ఒకటి పెడితే మోచేతి బరువు కాళ్ల ముక్కోణం బయట పడి బల్ల ఒరుగుతుంది.

సంచుల్లో బాగా ఎండిన, జల్లించిన ఇసుక పోయండి. ఏటి నుంచి తెచ్చిన తడి ఇసుక ఆరేకొద్దీ కూర్చుకుపోతుంది. ముందు సంచి బిగుతుగా, వెనకది పిసికితే లొంగేలా ఉండాలి. బరువు తగ్గుతుందని బియ్యం పోస్తే పురుగు పడుతుంది.

బల్ల కదలట్లేదు, అయినా పెల్లెట్లు నిలువుగా చెదురుతున్నాయి

ఇక్కడే ఎక్కువమంది బల్లను తిట్టుకుంటారు. స్ప్రింగు రైఫిల్లో పిస్టన్ ముందుకు దూకుతుంటే రైఫిల్ వెనక్కి తంతుంది, పిస్టన్ ఆగగానే ముందుకు కుదుపుతుంది. పెల్లెట్ ఇంకా గొట్టంలోనే ఉంటుంది. గట్టి ఆధారం మీద ఆనిస్తే రైఫిల్ ఎగిరి గురి తప్పుతుంది. సంచి మీద అరచేయి తెరిచి పెట్టి, రైఫిల్‌ను అందులో వదులుగా ఆనించండి. రైఫిల్ ముందు చెక్క మీద చేయి ఆనే చోట చిన్న టేపు ముక్క అంటించి, ప్రతిసారీ అక్కడే ఆనించాలి. ఆ చోటు మారితే పెల్లెట్ పడే చోటూ మారుతుంది. పీసీపీ రైఫిల్‌కు (ముందే నింపిన గాలి ఒత్తిడితో పేలేది) ఈ బాధ చాలా తక్కువ, దాన్ని సంచిమీద నేరుగా పెట్టొచ్చు.

తల కదిపితే టార్గెట్ మీద క్రాస్‌హెయిర్ కదులుతోంది

ఇది పారలాక్స్. 100 గజాలకు స్థిరపరిచిన స్కోప్‌ను 10 మీటర్లకు వాడితే ఇలాగే ఉంటుంది. 10 గజాల దాకా సర్దుకునే స్కోప్ కావాలి. అది లేకపోతే చెంప ప్రతిసారీ ఒకేచోట ఆనాలి.

బల్లపై చెక్క వంగింది, ఉబ్బింది

ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక) వాడి ఉంటే మార్చడమే. తీరం తేమకు అది నిలవదు. ఐఎస్ 710 గుర్తున్న (నీటిని తట్టుకునే మెరైన్ రకం) 19 మి.మీ. ప్లైవుడ్ తీసుకుని, కోసిన అంచులకూ బోల్టు రంధ్రాల లోపలికీ వార్నిష్ రెండుసార్లు పట్టించండి. నీళ్లు దూరేది అంచుల్లోంచే. 90 × 60 సెం.మీ. పలక ఏడు కిలోలకు అటూఇటూ తూగుతుంది. బరువనిపించి 12 మి.మీ.కి దిగితే మోచేతుల కింద వంగుతుంది. అంతకన్నా టార్గెట్ వైపు ఇరుపక్కలా కోసేసి టీ ఆకారంలో ఉంచండి. బరువు తగ్గుతుంది, ఎడమచేతివాళ్లకూ పనికొస్తుంది.

మెడ నొప్పి, క్రాస్‌హెయిర్ గుండెతో పాటు కొట్టుకుంటోంది

ఛాతీ బల్ల అంచుకు తగులుతోంది, లేదా బల్ల పొట్టి. మోచేయి మడిచి కూర్చున్నప్పుడు బల్ల మోచేతి ఎత్తులోనో, ఓ 5 సెం.మీ. పైనో ఉండాలి. మామూలు ప్లాస్టిక్ కుర్చీకి 75 సెం.మీ. దగ్గర మొదలుపెట్టి చూడండి. కళ్లు స్కోప్‌కు అందకపోతే వంగొద్దు, సంచుల కింద పలక పెట్టి రైఫిల్‌నే పైకి తేవాలి. ఛాతీకీ అంచుకీ మధ్య రెండు వేళ్ల సందు వదలండి.