ఇల్లంతా మీగడ తెలుపు వేయించుకునేటప్పుడు

నీలిమందు కలిపిన సున్నంతో వెల్ల వేసిన గోడలను చూస్తూ పెరిగిన కళ్లకు, కాస్త నీలి జీర ఉన్నదే అసలైన తెలుపుగా తోస్తుంది. అందుకే మీగడ తెలుపు వేయించిన మొదటి రోజునే ఇంట్లో పెద్దవారు గోడలు అప్పుడే మాసినట్లున్నాయని అనడం కద్దు. ఆ మాటను కొట్టిపారేయకూడదు. ఈ రంగు ఎలా కనబడుతుందన్నది కింద ఉన్న నేలను బట్టి, రాత్రి వెలిగించే దీపాలను బట్టి, కిటికీలోంచి వచ్చే వెలుగును బట్టి ఉంటుంది. కాబట్టి షేడ్ కార్డు తెరవడానికి ముందే ఈ మూడింటినీ పరిశీలించాలి.

మొదట నేల సంగతి. మీగడ ఛాయ టైల్స్ ఉన్న ఇంట్లో గోడ అదే ఛాయలో టైల్ కంటే ఒక మెట్టు లేతగా ఉండాలి; పాలలాంటి తెలుపు వేస్తే కొత్త టైల్స్ కూడా పాతబడినట్లు కనిపిస్తాయి. తాండూరు నీలం బండలు పరిచిన చోట మీగడ రంగు ఉన్నదానికంటే పసుపుగా తోస్తుంది కనుక, పసుపు జీర బాగా తక్కువగా ఉండి కొంచెం బూడిద ఛాయ కలిసిన రంగును ఎంచుకోవడం మంచిది. ఎర్రటి గచ్చు నేల మీద ఎండ పడితే గోడల కింది భాగం తానుగా ఎరుపెక్కుతుంది. అక్కడ గులాబీ జీర ఉన్న రంగుల జోలికి పోకూడదు.

తరువాత దీపాలు. చాలా ఇళ్లలో ఉండే తెల్లటి ట్యూబులైటు 6500 కెల్విన్‌ది (కెల్విన్ అంటే దీపపు వెలుగు ఛాయను తెలిపే కొలత). దాని కింద మీగడ రంగులోని వెచ్చదనం చచ్చిపోయి గోడ పాలిపోతుంది. 2700 కెల్విన్ బల్బు కింద అదే గోడ వెన్నలా పసుపెక్కుతుంది. ఈ అంకె బల్బు పెట్టె మీదే ముద్రించి ఉంటుంది. నా మటుకు 3000, 4000లలో ఏదో ఒకటి నిశ్చయించుకుని ఇల్లంతా అవే బల్బులు పెట్టించి, ఆ తరువాతే రంగు ఎంచుకోవాలంటాను. హాలులో ఒక రకం, పడకగదిలో మరో రకం దీపం ఉంటే ఇల్లంతా ఒకే రంగు వేయించిన ప్రయోజనం రాత్రి కాగానే పోతుంది.

ఇక నమూనా చూసుకోవడం. ఇందులో మాత్రం ఓపిక పట్టవలసిందే. కార్డు మీద గోరంత ఉన్న రంగును చూసి నిర్ణయించవద్దు. చిన్న డబ్బా కొని, రెండడుగుల అట్టముక్క నిండా అంచుల దాకా రెండు పూతలు వేసి ఆరబెట్టాలి. మా ఇంట్లో అటువంటి అట్టను ఉత్తరపు గదిలో ఉదయం గోడకు ఆనించినప్పుడు అది తడి సున్నంలా బూడిదగా ఉంది. సాయంత్రం నాలుగు గంటలకు పడమటి కిటికీ పక్కన పెడితే కాచిన పాల మీది మీగడలా కనబడింది. పెరటి వైపు గదిలో వేపచెట్టు నీడ వల్ల దానికి సన్నని ఆకుపచ్చ జీర వచ్చింది. రంగు ఒక్కటే, అట్ట ఒక్కటే. కనీసం రెండు రోజులు గదిగదికీ తిప్పి చూశాక, ఏ గదిలోనూ మనసుకు ఇబ్బంది కలిగించని రంగునే ఖాయం చేయాలి.

గోడ సిద్ధం చేయడంలో తొందర పనికిరాదు. కొత్త ప్లాస్టరింగు కనీసం 28 రోజులు ఆగి, పూర్తిగా ఆరాకే లప్పం పెట్టించాలి. నెమ్ము ఉన్న గోడకు లప్పం పెడితే పొరలుగా ఊడుతుంది. పైగా లేత రంగు మీద నెమ్ము మరక గోధుమ రంగులో దూరానికే కనబడుతుంది. నీరు ఎక్కడి నుంచి వస్తోందో ముందు అది ఆపించాలి. లప్పం రుద్దిన తరువాత రాత్రిపూట టార్చిలైటును గోడకు ఆనించి పక్కవాటుగా వేసి చూస్తే ఎత్తుపల్లాలన్నీ నీడలుగా బయటపడతాయి. వాటిని అప్పుడే సరిచేయించి, రంగుకు ముందు వేసే అడుగు పూత అయిన ప్రైమర్ వేయించాలి.

రంగు ఒకటే అయినా మెరుపు మాత్రం గదిని బట్టి మార్చుకోవాలి. సీలింగుకు, పడకగదులకు మెరుపులేని మ్యాట్ బాగుంటుంది. పోపు చమురు తగిలే వంటగదికి, పిల్లల చేతులు పడే నడవాకు తడిగుడ్డతో తుడవగలిగే శాటిన్ రకం ఎమల్షన్ వేయించాలి. సీలింగుకు తెల్లని తెలుపు వేస్తే గోడలు పసుపుగా తేలతాయి కనుక, దుకాణంలో ఇదే రంగును సగం పాళ్లలో కలిపించి పైన వేయిస్తే రెండూ ఒదిగిపోతాయి. తలుపులకు నూనె ఎనామెల్ తెలుపు వద్దు. వెలుతురు తక్కువ ఉన్న చోట అది కాలక్రమంలో పసుపెక్కుతుంది. నీటితో కలిపే ఎనామెల్ ఆ విషయంలో మేలు. పూజగదిలో దీపం వెనుక గోడకు చిన్న రాతిపలక పెట్టిస్తే మసి గోడకు అంటదు.

పరిమాణం ముందే లెక్కకట్టాలి. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదికి నాలుగు గోడలూ కలిపి 440 చదరపు అడుగులు. అందులోంచి తలుపులు, కిటికీలు తీసివేసి, రెండు పూతలకు లీటరు ఎంత మేరకు వస్తుందని డబ్బా మీద ఉందో దానితో భాగించాలి. మాకు ఒక లీటరు తగ్గి, వారం తరువాత అదే కోడ్ చెప్పి మళ్లీ కలిపించాము. మధ్యాహ్నం వెలుగులో ఆ గోడ మూల దగ్గర గీత గీసినట్లు తేడా ఇప్పటికీ తెలుస్తుంది. మొత్తం ఒకేసారి కొని, డబ్బాలన్నీ పెద్ద డ్రమ్ములో ఒంపి కలిపాకే రోలర్ ముంచమని పెయింటర్‌కు చెప్పాలి.

మిగిలిన రంగును గట్టిగా మూత బిగిసే సీసాలో నింపి, రంగు కోడ్, రకం, వేసిన తేదీ రాసిన చీటీ అంటించి, ఎండ తగలని అలమరలో పెట్టాలి. మరక పడితే సీసాను బాగా కదిపి, ముందు తలుపు వెనుక అరచేయంత మేర వేసి ఆరనిచ్చి చూడాలి. అక్కడ కలిసిపోతేనే మరక మీద వేయాలి, కలవకపోతే ఒక మూల నుంచి మరో మూల వరకు ఆ గోడ మొత్తానికి వేయించాలి.