సొట్ట మీద పుట్టీ: ఏది కొనాలి, ఎలా రుద్దాలి

మా వీధి మాస్టారి తెల్ల ఆల్టో ఎడమ వెనక డోరు ఇంటి గేటు స్తంభానికి ఒరుసుకుంది. అరచేతి వెడల్పు సొట్ట, దాని పక్కనే జానెడు గీత. ఆయన బండి తీసుకుని నా షెడ్డుకి వచ్చి, "రెండు ఆదివారాలు ఖాళీ ఉంది బాబూ, నేనే చేసుకుంటాను, నువ్వు పక్కన ఉండి చెప్పు చాలు" అన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా పెయింటింగ్ పని చేస్తున్నాను. ఇలా అడిగినవాళ్లు తక్కువ. అందుకే ఆయనకి చెప్పినదంతా వివరంగా రాసి పెడుతున్నాను.

సొట్టని పూడ్చే ముద్దే పుట్టీ. ముందే దాని డబ్బా మూత తియ్యకండి. సొట్టని వీలైనంత వరకు రేకు పనితోనే లేపాలి. డోరు లోపలి ప్యాడ్ విప్పితే వెనక నుంచి చెయ్యి పడుతుంది. బయట డాలీ (చేత్తో పట్టుకునే నున్నటి ఇనుప దిమ్మ) ఆనించి, లోపల నుంచి మెల్లగా కొట్టుకుంటూ రావాలి. అంచుల దగ్గర మొదలుపెట్టి నడిమధ్యకి చేరాలి. ఆ తర్వాత సొట్ట మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి చూడండి. స్కేలు కింద రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి దూరేంత సందు ఉందంటే ఇంకా కొట్టాలి. అది సుమారు 3 మిల్లీమీటర్లు. అంతకంటే మందంగా పుట్టీ పెడితే నాలుగు రోజులు బాగానే ఉంటుంది. తర్వాత డోరు వేసిన ప్రతిసారీ రేకు అదురుతుంది, ఎండకి రేకు ఒకలా పుట్టీ ఇంకోలా వ్యాకోచిస్తాయి, చివరికి వెంట్రుకంత పగులు వస్తుంది. ఆ పగులులోకి నీళ్లు వెళ్తే కింద తుప్పు మొదలవుతుంది. మాస్టారు రేకు కొట్టడానికే ఒక ఆదివారం పూర్తిగా పట్టింది. ఆ రోజు వృథా పోలేదు.

ఇక ఏ పుట్టీ కొనాలో చూద్దాం. షాపులో "కారు పుట్టీ ఇవ్వండి" అంటే చేతికి ఏది అందితే అది ఇస్తారు. మీరే పేరు చెప్పి అడగాలి. మామూలు సొట్టకి కావలసింది పాలిస్టర్ పుట్టీ. డబ్బాతో పాటు హార్డెనర్ ట్యూబ్ వస్తుంది. అందులో పాలిస్టర్ రెసిన్, టాల్క్ పొడి ఉంటాయి. హార్డెనర్ కలిపితే రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది, అంతేగానీ గాలికి ఆరిపోయే సరుకు కాదు. లైట్ వెయిట్ రకంలో బోలు గాజు పూసల్లాంటి సన్నని రేణువులు కలుపుతారు. అది రుద్దడానికి మెత్తగా వస్తుంది. మొదటిసారి చేసేవాళ్లు అదే తీసుకోండి, చెయ్యి నొప్పి సగం తగ్గుతుంది.

ఫైబర్‌గ్లాస్ పుట్టీ అని ఇంకొకటి ఉంది, దానిలో గాజు పీచు ఉంటుంది. గట్టిది, వెల్డింగ్ అతుకుల మీద బాగా పనికొస్తుంది. కానీ నున్నగా రాదు, పైన మళ్లీ మామూలు పుట్టీ పెట్టాల్సిందే. తుప్పు పట్టి చిల్లు పడిన రేకుని దీంతో మూసేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. వెనక నుంచి తుప్పు తింటూనే ఉంటుంది. చిల్లు పడితే ఆ ముక్క కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించండి. ప్లాస్టిక్ బంపర్‌కి వేరే పుట్టీ ఉంది, అది వంగుతుంది. రేకు పుట్టీని బంపర్ మీద పెడితే మొదటి చిన్న తాకిడికే పెచ్చు లేస్తుంది. మీ బండి రేకుకి జింక్ పూత ఉంటే, దాని మీద పట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉందో లేదో చదువుకోండి.

ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) పుట్టీ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. హార్డెనర్ అక్కర్లేదు, చవక, వెంటనే పుయ్యొచ్చు. ఆ సౌకర్యం చూసే దాన్ని సొట్టలో నింపేస్తారు. అది లోపలి థిన్నర్ ఆవిరైపోవడం వల్ల ఆరుతుంది. పైన ఆరినా లోపల చాలా రోజులు కుంచించుకుంటూనే ఉంటుంది. రంగు వేసిన నెలకి కింద రుద్దిన గీతలన్నీ మళ్లీ పైకి కనబడతాయి. సూది మొనంత చిల్లులకి, సన్నని గీతలకి పలచటి పొరగా వాడితే చాలు. డబ్బులకి వెనకాడకపోతే దాని బదులు హార్డెనర్‌తో వచ్చే ఫినిషింగ్ పుట్టీ కొనండి.

కొనేటప్పుడు తేదీ చూడండి. మూత తీసి చూపించమనండి. పైన నూనెలా తేలిన రెసిన్ కలిపితే కలవాలి, అడుగున రాయిలా ఉంటే వద్దు. ఒక డోరుకి చిన్న డబ్బా చాలు. పెద్దది కొని రేకుల షెడ్డులో దాస్తే వచ్చే వేసవికి అందులోనే బిగుసుకుపోతుంది.

పుట్టీ పెట్టే చోటు ముందు సబ్బు నీళ్లతో కడిగి ఆరనివ్వండి. తర్వాత వ్యాక్స్, గ్రీజు పోయేలా క్లీనర్‌తో తుడవండి. తుడిచాకే రుద్దాలి. లేకపోతే ఆ జిడ్డుని గీతల్లోకి మనమే తోసినట్టు. సొట్ట చుట్టూ రెండు మూడు అంగుళాల వరకు పాత రంగు తీసేసి, 80 నంబర్ గరుకు పేపర్‌తో (నంబర్ పెరిగేకొద్దీ పేపర్ నున్నగా ఉంటుంది) రేకుని గరుకు చెయ్యండి. నున్నటి రేకుని పుట్టీ పట్టుకోదు. పాత రంగు అంచుని 180 నంబర్‌తో వాలుగా చెయ్యండి, వేలికి మెట్టు తగలకూడదు. ఎచ్ ప్రైమర్ (రేకు మీద పట్టు కోసం వేసే ఆమ్లపు పూత) మీద మాత్రం పుట్టీ పెట్టొద్దు. అందులోని ఆమ్లం వల్ల పుట్టీ సరిగా గట్టిపడదు.

కలపడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. 100 గ్రాముల పుట్టీకి సుమారు 2 గ్రాముల హార్డెనర్. డబ్బా మీద వేరే లెక్క ఉంటే అదే పాటించండి. వంటింటి చిన్న కాటా ఉంటే దాని మీద తూచండి, మొహమాటపడొద్దు. త్వరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ వేస్తే రంగు వేశాక దాని మచ్చ పైకి ఊరుతుంది. తెల్ల బండి మీద మరీ తెలుస్తుంది. తక్కువైతే ఎన్ని గంటలైనా జిగురుగానే ఉండి పేపర్‌కి అంటుకుంటుంది. అద్దం ముక్క మీదో టైల్ ముక్క మీదో కలపండి. అట్ట ముక్క రెసిన్‌ని పీల్చేస్తుంది. గిలకొట్టకండి, గాలి బుడగలు చేరి తర్వాత చిల్లులు పడతాయి. పుట్టీ పూసే వెడల్పాటి బ్లేడుతో నొక్కుతూ మడుస్తూ, రంగు చారలు లేకుండా ఒకే ఛాయ వచ్చేదాకా కలపాలి. 25 డిగ్రీల వేడిలో అయిదు నిమిషాలు చేతిలో ఉంటుంది. మే నెలలో బెజవాడ ఎండకి అంత టైము దొరకదు. పొద్దున్నే నీడలో పని పెట్టుకుని, నిమ్మకాయంత ముద్దే కలుపుకోండి. మిగిలింది మళ్లీ డబ్బాలో వేశారా, డబ్బా మొత్తం పోతుంది.

మొదటి పొరని బ్లేడు గట్టిగా అదిమి పలచగా లాగండి, రేకు గీతల్లోకి దూరాలి. దాని మీద రెండో పొర, సొట్ట దాటి కొంచెం బయటికి, కొంచెం ఎత్తుగా ఉండేలా పెట్టండి. ఇరవై ముప్ఫై నిమిషాలు ఆగి గోరుతో గీయండి. తెల్లటి పొడి గీత పడితే రుద్దొచ్చు. గోరు దిగబడితే ఇంకా ఆగాలి.

రుద్దేటప్పుడు నీళ్లు వద్దు. ఈ మాట నేను చాలా బాధపడి నేర్చుకున్నాను. పని నేర్చుకున్న కొత్తలో దుమ్ము లేస్తోందని పుట్టీని నీళ్లు పెట్టి రుద్దాను. రంగు అద్దంలా వచ్చింది. వానాకాలం దాటేసరికి ఆ బండి ఓనర్ తిరిగి వచ్చారు. డోరు మీద మినప గింజల్లా పొక్కులు. బ్లేడుతో లేపితే కింద రేకు ఎర్రగా ఉంది. పుట్టీలోని టాల్క్ నీళ్లు పీల్చుకుంటుంది, ఆ తడి రంగు కింద ఇరుక్కుపోతుంది. ఆ డోరు మొత్తం గీకి నా డబ్బులతో మళ్లీ చేశాను. పొడిగానే రుద్దండి, మంచి మాస్క్ పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

పేపర్‌ని చేతి వేళ్లతో పట్టుకుంటే వేళ్ల కింద గాడులు పడతాయి. చెక్క బ్లాక్‌కి చుట్టుకోండి. బ్లాక్ సొట్ట కంటే పొడవు ఉండాలి, డోరుకి అడుగు పొడవు బాగుంటుంది. ఒంపు తిరిగిన చోట్ల పాత రబ్బరు గొట్టం ముక్కకి పేపర్ చుడితే సరిగ్గా కూర్చుంటుంది. మొదట 80 నంబర్‌తో ఆకారం తేవాలి. ఒకసారి కుడి ఏటవాలుగా, ఒకసారి ఎడమ ఏటవాలుగా, గుణకారం గుర్తులా. ఒకే దిక్కుకి రుద్దితే కాలువ పడుతుంది. పూర్తి లెవెల్ రాకముందే 80 ఆపేయండి. మిగతాది 180 తీస్తుంది, తర్వాత 240, ఆఖరికి 320. 80 నుంచి నేరుగా 320కి దూకితే ఆ లోతు గీతలు అలాగే మిగిలి, రంగు వేశాక బయటపడతాయి.

డోరు మీద పొడవునా పోయే మడత గీత ఉంటే దాని అంచున మాస్కింగ్ టేప్ వేసి ఒక పక్క రుద్దండి. టేప్ మార్చి రెండో పక్క రుద్దండి. రెండూ ఒకేసారి రుద్దితే మడత గుండ్రమైపోతుంది.

లెవెల్ వచ్చిందో లేదో కళ్లకి తెలియదు. బూడిద రంగు పుట్టీ, తెల్ల రంగు, మెరిసే రేకు, అన్నీ కలిసి చూపుని మభ్యపెడతాయి. మాస్టారు "అయిపోయింది బాబూ" అన్నప్పుడు, ఆయన అరచేతికి డోరుకి మధ్య పలచటి నూలు గుడ్డ పెట్టి, కళ్లు మూసుకుని మంచి రేకు మీద నుంచి మొదలుపెట్టి అటు చివరి దాకా మెల్లగా జరపమన్నాను. సగం దూరం వెళ్లి చెయ్యి ఆగింది. ఇంకోసారి జరిపారు, అక్కడే ఆగింది. "ఇక్కడ పల్లం ఉంది" అన్నారు. చూపుడు వేలంత వెడల్పు, కళ్లకి ఏమీ లేదు. ఆ చోటు పెన్సిల్‌తో గుర్తు పెట్టించాను. పల్లాన్ని చుట్టూ రుద్ది సరి చేయబోతే చుట్టూ ఉన్నది కూడా దిగిపోతుంది. అక్కడ ఇంకో పలచటి పొర పెట్టడమే పద్ధతి. అదే, రుద్దుతుండగా మధ్యలో రేకు మెరిసి చుట్టూ పుట్టీ మిగిలితే అది మిట్ట. సుత్తితో సుతారంగా లోపలికి తట్టాలి, రుద్దుతూ పోతే రేకు పలచబడుతుంది.

చెయ్యి ఒప్పుకున్నాక నల్ల స్ప్రే దూరం నుంచి మంచులా ఒక్కసారి చల్లి, ఆరాక 320తో నాలుగు చేతులు రుద్దండి. నలుపు మిగిలిన చుక్కలే సూది చిల్లులు, మిగిలిపోయిన గీతలు. వాటికి ఫినిషింగ్ పుట్టీ బ్లేడుతో అదిమి, మళ్లీ 320.

దుమ్ము గాలితో ఊది, ఆ రోజే ప్రైమర్ సర్ఫేసర్ (రంగు కింద వేసే పూత) రెండు కోట్లు వెయ్యండి. వానాకాలంలో పుట్టీని రాత్రంతా తెరిచి వదిలితే గాలిలో తేమ పీల్చుకుంటుంది. 2కె ప్రైమర్ (హార్డెనర్ కలిపే రకం) పూర్తిగా ఆరాక దాన్ని మాత్రం నీళ్లతో రుద్దొచ్చు, 400తో మొదలుపెట్టి 600, 800 దాకా. పుట్టీ ఎక్కడైనా బయటపడితే నీళ్లు ఆపేసి, ఆ చోటు బాగా ఆరబెట్టి మళ్లీ ప్రైమర్ కొట్టండి.

మాస్టారి డోరు రెండో ఆదివారం సాయంత్రానికి ప్రైమర్ దాకా వచ్చింది. ఏటవాలు వెలుతురులో డోరు కొస నుంచి చూస్తే ట్యూబ్‌లైట్ నీడ వంకర లేకుండా పోతోంది. ఆయన ఇంకోసారి గుడ్డ పెట్టి చెయ్యి జరిపి చూసుకుని, తడి పూర్తిగా పోవాలని డోరుని మర్నాడంతా ఎండలో ఉంచి, మంగళవారం రంగు వేసుకున్నారు.